రాతిపలక మాట, చెరువుకట్ట మాట

గడచిన సంవత్సరము దసరా సెలవుల పిమ్మట మా పాఠశాల ఎనిమిదవ తరగతి బాలబాలికలను “మా కుటుంబ చరిత్రము” అను శీర్షికతో ఒక పుట వ్రాసికొని రమ్మని కోరితిమి. పలువురు పాఠ్యపుస్తకములోని విజయనగర చరిత్రమును ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసిరి. చదువుచుండగా శ్రీకృష్ణదేవరాయలు తరగతిలోని వారందరికిని సొంత తాతగారే యని తోచినది. ఒక బాలిక మాత్రము మూడే పంక్తులు వ్రాసినది. “మా తాతగారు బుక్కరాయసముద్రము నుండి బళ్ళారికి వచ్చినారు. అక్కడ పెద్ద చెరువు ఉన్నదట. మాకు చరిత్ర లేదు.” ఆ పుటను దిద్దుటకు మా కలము ఆడలేదు.

ఆ తప్పు బాలికది కాదు. చరిత్రమనగా రాజులు, యుద్ధములు, సంవత్సరములు అని మేమే నేర్పితిమి. లోకమున చరిత్రము లేని కుటుంబము లేదు. అడుగువారు లేని కుటుంబములు మాత్రము కలవు. తల్లిదండ్రులారా, ఈ సంచికలో మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే. ఒకే కాలమున, ఒకే రాజు పాలనలో, మన సీమలోనే వెలసిన రెండు చెరువులను తీసికొని, జనులు గతమును ఏ విధముగ జ్ఞాపకముంచుకొందురో, దేనిని జారవిడుతురో కొంత పరిశీలింతము.

1. రాతిపలక

కడప జిల్లాలో పోరుమామిళ్ళ యను ఊరు కలదు. అచటి భైరవాలయము ఎదుట నిలిపిన రాతిపలకలపై క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసన మొకటి చెక్కబడినది. విజయనగరాధీశుడైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుండి ఆ ప్రాంతము నేలుచు అచట పెద్ద చెరువును నిర్మింపజేసెను. శాసనము ఆ విషయమునే చెప్పుచున్నది.

దానశాసనము లనేకము కలవు గాని, దీని విశేషము వేరు. చెరువు కట్టుటకు కావలసిన అంగములు పండ్రెండని ఇందు లెక్కించిరి. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి మన్ను గల నేల, దూరమునుండి పారివచ్చు తీయనినీటి యేరు, కొండల నడుమ బిగువైన రాతికట్ట, దగ్గరలో మంచి రాతిగని, దిగువన సారవంతమైన సమతల భూములు, పని తెలిసిన కూలివారు మున్నగునవి అందు చేరినవి. పిమ్మట ఆరు దోషములను చెప్పిరి. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు తక్కువై భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట. ఈనాటి ఇంజనీరు చదివినను తల యూపదగిన మాటలివి. ఆరువందల యేండ్ల క్రింద మన పెద్దలు చెరువును దైవాధీనముగ మాత్రమే చూడలేదు. లెక్కతో, అనుభవముతో కట్టిరి.

ఆ శాసనమే మరియొక లెక్క చెప్పుచున్నది. పనికి దినమునకు వేయిమంది కూలివారును, రాళ్ళు తోలుటకు నూరు బండ్లును నియమింపబడగా పని ముగియుటకు రెండు సంవత్సరములు పట్టినదట. మేము దీనిని ఒక దినము అంకగణితపు లెక్కగ ఇచ్చితిమి. ఏడు లక్షల ముప్పదివేల దినముల కూలి యని పిల్లలు తేల్చిరి. పండుగ దినములు, వానదినములు తీసివేసినను లక్షలే మిగులును గదా! రాజకుమారుని పేరు, వంశము, కీర్తి రాతిపై నిలిచినవి. ఆ వేయిమంది సంఖ్యయు నిలిచినది. వారి పేర్లు మాత్రము రాతిపైకి ఎక్కలేదు.

2. చెరువుకట్ట

పోరుమామిళ్ళ శాసనమునకు అయిదేండ్లు ముందు, 1364లో, అదే బుక్కరాయల కాలమున, చిక్కఒడెయరు అను అధికారి పండమేరు యేటికి అడ్డముగ కట్ట వేయించి ఒక మహాతటాకమును నిర్మించెనని అనంతపుర చరిత్రము. కట్టకు ఒక కొనను రాజు పేర బుక్కరాయసముద్రము, రెండవ కొనను రాణి పేర అనంతసాగరము వెలసినవని చెప్పుదురు. నేటి అనంతపుర పట్టణము పేరునకు మూలము ఇదియే. పై బాలిక విడువక చెప్పిన “పెద్ద చెరువు” ఇదియే.

ఈ కట్టను గూర్చి జనుల నోట మరియొక కథ కలదు. ఒక యేట వానలు మిక్కుటమై కట్టకు గండి పడినది. ఊరివారు ఎంత పోరాడినను గండి పూడలేదు. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలియైన గాని నీరు నిలువదని ఒక దేవతావాణి వినవచ్చినదట. ముసలమ్మ యను పేరు విని ముదుసలి యనుకొనరాదు; ఆమె పడుచుకోడలు. ఆమె ఆ మాట విని ఇంటికి పోయి, పూజ చేసికొని, తనవారి వద్ద సెలవు గైకొని, వచ్చి గండిలో నిలిచినది. గండి పూడినది. ఊరు నిలిచినది. ఆ చోటికి ముసలమ్మ కట్ట యని పేరు నిలిచినది.

ఇపుడు రెండు జ్ఞాపకములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రాతిపలకకు సంవత్సరము తెలియును, రాజకుమారుడు తెలియును, కూలివారి సంఖ్య తెలియును. వారిలో ఒక్కరి ముఖమును తెలియదు. చెరువుకట్టకు సంవత్సరము తెలియదు, గండి ఎన్ని గజములో తెలియదు. ఒక ఇంటి చిన్నకోడలు పేరు తెలియును. రాయి ప్రభువు చేయించిన జ్ఞాపకము. కట్ట ఊరు చేసికొన్న జ్ఞాపకము. ఒకదానిని చదువుటకు పండితుడు కావలెను. రెండవదానిని వినుటకు అవ్వ చాలును. కాని అవ్వ పోయిన దినమున రెండవది నిశ్శబ్దముగ పోవును. రాయికి ఆ భయము తక్కువ.

3. నోటి నుండి పుస్తకమునకు

ముసలమ్మ కథ పోకుండుటకు కారణమేమి? ఎవరో వ్రాసిపెట్టిరి. అనంతపురమును పాలించిన హండె పాలెగాండ్ర వృత్తాంతము 1750–1810 ప్రాంతముల తెలుగున వ్రాయబడినది. కడపలోను మదరాసులోను ఉద్యోగము చేసి, తెలుగు గ్రంథములను సేకరించిన సి. పి. బ్రౌను దొర దానిని ఇంగ్లీషులోనికి మార్చి 1853లో మదరాసున అచ్చు వేయించెను. ఆ పుస్తకమునకు ఆయన పెట్టిన పేరు “రాజుల యుద్ధములు” అను అర్థము గలది. ఒక రైతుకుటుంబపు కోడలి కథ రాజుల యుద్ధముల నడుమ దాగియున్నది! పేరు చూచి పుస్తకమును మూసివైచిన వానికి ముసలమ్మ కనబడదు.

కనిపెట్టినవాడు ఒక విద్యార్థి. చిత్తూరు సీమవాడైన కట్టమంచి రామలింగారెడ్డి గారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచు, 1899లో, ఇంకను ఇరువదియేండ్లు నిండక పూర్వమే, ఈ కథను “ముసలమ్మ మరణము” అను కావ్యముగ వ్రాసిరి. రాజులు, దేవతలు కాక ఒక పల్లెపడుచు నాయికగా నుండుటచే ఆధునిక తెలుగు కవిత్వమునకు ఇది తొలి మెట్లలో ఒకటియని విమర్శకులు చెప్పుదురు. ఆ విద్యార్థియే తరువాత మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులై, ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతియై, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులైరి. కన్నడదేశమున విద్యాశాఖను నడిపిన తెలుగువాని తొలి కావ్యము మన పొరుగు చెరువును గూర్చినదని మన బాలబాలికలలో ఎందరికి తెలియును?

ఒక్క మాట గమనింపవలెను. ప్రతి మజిలీలోను కథ కొంత మారినది. ఊరివారికి ముసలమ్మ దేవత. వృత్తాంతము వ్రాసినవానికి ఆమె ఊరి చరిత్రములో ఒక సంఘటన. కవికి ఆమె లోకహితమునకై ప్రాణ మర్పించిన ఉత్తమురాలు. కావున ఒక కథ విన్నపుడు “ఇది నిజమా?” యని మాత్రమే కాక, “దీనిని ఎవరు, ఎవరికొరకు చెప్పుచున్నారు?” అనియు అడుగుట చరిత్రపాఠములో మొదటి మెట్టు.

4. పొరుగుభాషలోని తోబుట్టువు

ఈ కథను తరగతిలో చెప్పిన దినమున పిల్లలు ఆశ్చర్యముతో, “మాకీ కథ తెలియును గదా!” యనిరి. వారు తలచుకొన్నది ముసలమ్మను కాదు, భాగీరథిని. మా పాఠశాలలో కన్నడము బోధించు అమ్మగారు “కెరెగె హార” అను జానపద కథనగీతమును పాడి వినిపించియుండిరి. కల్లనకేరి మల్లనగౌడుడు చెరువు త్రవ్వించును. చుక్క నీరు పడదు. జోస్యుడు కోడలిని బలి ఇమ్మనును. పెద్దకోడలిని ఇచ్చుటకు వారికి మనసు రాదు. చిన్నకోడలు భాగీరథిపై తీర్పు పడును. ఆమె పుట్టింటికి పోయి వచ్చును. పూజ ముగిసిన పిమ్మట అందరును మరలిపోవుచు, మరచిన బంగారుగిన్నెను తెమ్మని ఆమెను వెనుకకు పంపుదురు. ఒక్కొక్క మెట్టునకు నీరు పెరిగి ఆమెను ముంచివేయును. దండులో నున్న భర్త కలగని పరుగున వచ్చి, తానును ఆ నీటిలోనే పడును.

తెలుగు కథలో నీరు ఎక్కువై కట్ట తెగును. కన్నడ కథలో నీరే పడదు. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన దోషములలో కట్ట ఊరుట, నీరు చాలకుండుట, నీరు మిక్కుటమగుట మూడును కలవు గదా! శాసనము దోషమును నేలలో, రాతిలో, ఏటిలో వెదకినది. కథలు దానికి పరిహారమును ఒక ఇంటి కోడలియందు వెదకినవి.

మూడు పంక్తులు వ్రాసిన ఆ బాలిక అపుడు లేచి ఒక ప్రశ్న వేసినది. “అయ్యగారూ, రెండు కథలలోను చిన్నకోడలినే ఎందుకు అడిగినారు?”

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి ఆలోచించితిమి. ఐరోపాలోని సెర్బియా దేశపు జానపదగాథలో స్కదరు కోట నిలువకపోగా ముగ్గురన్నదమ్ములలో కడగొట్టువాని భార్యను గోడలో పెట్టి కట్టుదురు. అచటను చిన్నకోడలే! దేశములు వేరు, భాషలు వేరు, బలి యొకటే. ఇన్నిచోట్ల ఒకే కథ చెప్పబడుచున్నపుడు, అది ఫలానా సంవత్సరమున జరిగినదని సాక్ష్యముగ స్వీకరింపరాదు. అయినను అది వట్టి కల్పన యని త్రోసివేయనురాదు. చెరువు తెగునను భయము నిజము. ఆపద వచ్చినపుడు బరువు ఎవరిపై పడునో కథ దాచక చెప్పుట నిజము. పరాయి ఇంటినుండి వచ్చి, ఆ ఇంటిలో అందరికంటె తక్కువ మాట చెల్లునట్టి ఆడుబిడ్డపై ఆ బరువు పడినది. పూజించుట ఆమెకు మనము తీర్చిన ఋణము. ప్రశ్నించుట ఇంకను తీర్పవలసిన ఋణము. ముసలమ్మ త్యాగమును గౌరవింతము. కాని మన కూతుండ్రకు ఆ కథ చెప్పునపుడు, “నీవును అట్లు ఓర్చుకొనవలెను” అని ముగింపరాదు. “అటువంటి అడుగుట ఇక నుండరాదు” అని ముగింపవలెను. మరునాడు ఆ బాలికకు మేమిచ్చిన బదులు ఇదియే.

5. అడిగినవారు

కథలు మిగులుటకు చెప్పువారితో పాటు అడుగువారు కావలెను. 1796 ప్రాంతమున ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య కాలిను మెకంజీ యను సర్వేయధికారి కొలువులో చేరెను. మెకంజీకి దేశభాషలు రావు. బొర్రయ్యయు, తమ్ముడు లక్ష్మయ్యయు, వారు నియమించిన సహాయకులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, శాసనములకు నకళ్ళు తీసి, పెద్దల నోటిమాటలు వ్రాసికొనిరి. ఆ వ్రాతలకే కైఫీయతులని పేరు. ఊరు ఎట్లు కట్టబడినది, గుడి ఎవరు నిలిపిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, పొలిమేర ఎంతవరకు అను విషయము లందు దొరకును. బొర్రయ్య 1803లో పిన్నవయసుననే మరణించెను. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలై 1821లో గతించెను. ఆ పనిని కొనసాగింతునని లక్ష్మయ్య తరువాత చేసికొన్న మనవి అంగీకరింపబడలేదు. కైఫీయతులకు మెకంజీ పేరు నిలిచినది. ఎండలో తిరిగి అడిగినవారి పేర్లు పరిశోధకులకే తెలియును.

కైఫీయతులకును లోపము కలదు. అవి ఎక్కువగ కరణములను, ఆలయాధికారులను, ఊరి పెద్దలను అడిగి వ్రాసినవి. మన్ను మోసినవారిని, కలుపు తీసినవారిని అడిగినది తక్కువ. ఆనాడు అడుగక విడిచినదానిని ఈనాడు అడుగగలవారు ఎవరు? ఆ ఇండ్లలో పుట్టిన బిడ్డలే.

6. మన ఇండ్లలో

బళ్ళారి, అనంతపురములు 1882 వరకు ఒకే జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది; ఆలూరు, ఆదవాని, రాయదుర్గములు ఆంధ్రమున చేరినవి. పొలిమేరలు మారినను చెరువులు కదలలేదు, అవ్వల మాటలు కదలలేదు. కన్నడము మనకు అన్నము పెట్టుచున్న భాష. దానిని మన పిల్లలు చక్కగ నేర్వవలెను. కాని భాగీరథిని బడిలో తెలిసికొన్న బిడ్డకు ముసలమ్మను చెప్పవలసినది ఇల్లు. ఇల్లు చెప్పనిచో ఆ బిడ్డ “మాకు చరిత్ర లేదు” అనియే వ్రాయును. అట్లు వ్రాసిన బిడ్డ రేపు తన బిడ్డలకు ఏమి చెప్పును?

కావున తల్లిదండ్రులకు మా మనవి. ఈ వేసవిలో ఒక సాయంకాలము మీ ఇంటి పెద్దవారి ఎదుట పిల్లలను కూర్చుండబెట్టి ఈ ప్రశ్నలు అడిగింపుడు.

మన వారు ఏ ఊరినుండి, ఏ కారణమున వచ్చిరి? కరవా, పనియా, పెండ్లియా?

ఆ ఊరి చెరువు, బావి, గుట్ట, కట్టలలో మనిషి పేరు గలది ఏదైన కలదా? ఆ మనిషి ఎవరు?

ఇంటిలో ఆడువారు మాత్రమే చెప్పుకొను కథ ఏది?

వచ్చిన క్రొత్తలో ఇచ్చట మనకు తోడ్పడినవారెవరు? వారు ఏ భాషవారు?

ఇంతవరకు మీ నెవరును అడుగని విషయమేది?

చెప్పినది చెప్పినట్లే వ్రాయవలెను. అవ్వ “పాయె” అనిన “పోయెను” అని దిద్దనవసరము లేదు. వ్యాకరణము మేము తరువాత నేర్పగలము. చెప్పినవారి పేరు, ఊరు, వ్రాసిన తేదీ క్రింద తప్పక వేయవలెను. ఇద్దరు రెండు విధముల చెప్పినచో రెండును వ్రాయవలెను. ఏది నిజమో తొందరపడి తీర్పు చెప్పరాదు. సంవత్సరము తెలియనిచో “పెద్ద వరద వచ్చిన యేడు”, “మా అన్న పుట్టిన యేడు” అని వ్రాసినను చాలును. ఆ పుటలను కుట్టించి మా పాఠశాల గ్రంథాలయమున భద్రపరచుదుము.

ఆ బాలిక సంక్రాంతి పిమ్మట తన పుటను మరల తెచ్చియిచ్చినది. ఈసారి రెండు వైపులను నిండినది. తాతగారు విడిచివచ్చిన ఇంటి గుర్తులు, నాయనమ్మ చెప్పిన కట్ట కథ, ఆమె తోబుట్టువుల పేర్లు అందున్నవి. పైన శీర్షిక క్రింద పాత పంక్తి ఒకటి అట్లే యుండగా, దానిలో ఒక్క మాటను కొట్టివేసి వేరొకటి వ్రాసినది. “మాకు చరిత్ర ఉన్నది.” మేము దానిపై మార్కులు వేయలేదు. గ్రంథాలయపు పుస్తకములో మొదటి పుటగా కుట్టించితిమి. రెండవ పుట మీ ఇంటినుండి రావలెనని కోరుచున్నాము.